ఒక పిస్టల్, ఏడు తూటాలు, టోక్యో ఎండ

ప్రశ్న: పోలీసు సినిమాలంటే నాకు ప్రాణం అండీ. కానీ హీరో నడుచుకుంటూ రావడం, పదిమంది గాల్లోకి ఎగరడం చూసి చూసి విసుగొచ్చింది. సిటీలో సందుసందూ తిరిగి కేసు తేల్చే సినిమా ఒక్కటంటే ఒక్కటి చెప్పండి. (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: ఆలోచించాల్సిన పనే లేదు, అకిరా కురొసావా తీసిన 'స్ట్రే డాగ్', అంటే వీధికుక్క. 1949లో వచ్చిన జపాన్ సినిమా, బ్లాక్ అండ్ వైట్. మురకామి అని కొత్తగా డిటెక్టివ్ అయిన కుర్రాడు, మంచి ఎండాకాలం, కిక్కిరిసిన బస్సులో వస్తుంటే జేబులోంచి పిస్టల్ కొట్టేస్తారు, అందులో ఏడు తూటాలు. అంతే కథ. ఇక ఆ పిస్టల్ కోసం టోక్యో అంతా తిరుగుతాడు, ఈలోగా ఎవడో దాంతోనే దోపిడీ చేస్తాడు, ఒకావిడకి గాయం, తర్వాత ఇంకో ఇంట్లో ఇల్లాలి ప్రాణమే పోతుంది. మొదటి దోపిడీ అప్పుడు ఈ కుర్రాడు ఏం చేస్తాడంటే, తను ప్రాక్టీసులో కాల్చిన తూటా ఇంకా అక్కడి మొద్దులోనే ఉంటుంది కదా, అది తవ్వి తీసుకెళ్లి దోపిడీలో పేలిన తూటాతో మ్యాచ్ చేయిస్తాడు, రెండూ ఒకే పిస్టల్‌వి అని తేలినప్పుడు మురకామిగా వేసిన తొషిరో మిఫునె మొహం చూడాలి మీరు. అప్పటికి ఆయనకి 29 ఏళ్లు. అక్కడ్నుంచి ఇంకెన్ని తూటాలు మిగిలాయి అన్న లెక్క వాడితో పాటు మన బుర్రలో కూడా తిరుగుతూనే ఉంటుంది.

ఇంకోటి, ఎండ. అందరికీ చెమటలు, చొక్కాలు ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి, ఎవరిని చూసినా విసురుకుంటూనో మొహం తుడుచుకుంటూనో ఉంటారు. నేనిది మే నెలలో విజయవాడలో చూశా, ఆ ఉక్క ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పెద్ద డిటెక్టివ్ సాతో (తకాషి షిమురా) మొదటిసారి కనపడే సీనులో ఒక నేరస్తురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పుల్ల ఐస్ తింటూ సిగరెట్ ఇచ్చి కబుర్లాడుతూ విషయం రాబడతాడు, ఒక్క దెబ్బ కొట్టడు, గొంతు కూడా పెంచడు. పోలీసు పని అంటే ఇదీ అనిపిస్తుంది నాకైతే.

ప్రశ్న: 'స్ట్రే డాగ్' చూశాను, బాగుంది, కానీ మొదట్లో ఆ అబ్బాయి మాటా పలుకూ లేకుండా బజార్లో తిరగడం చాలాసేపు చూపించారు. కత్తిరించేస్తే ఏం పోయింది? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: అమ్మా, అది కత్తిరిస్తే నాకు సినిమానే పోయినట్టు! అప్పటికి యుద్ధం అయిపోయి నాలుగేళ్లు, జపాన్ ఇంకా అమెరికా వాళ్ల చేతిలోనే ఉంది, తిండీ బట్టా బ్లాక్ మార్కెట్లో కొనుక్కోవాల్సిన రోజులు. మురకామి చిరిగిన పాత మిలిటరీ డ్రెస్సు వేసుకుని, ఎవడైనా దొంగ పిస్టల్ అమ్ముతానని వస్తాడేమో అని రోజుల తరబడి తిరుగుతాడు కదా, అక్కడ కనపడే జనంలో చాలామంది నటులు కాదు, నిజం బజారు అది. అసిస్టెంటుగా ఉన్న ఇషిరో హోండా కెమెరా తీసుకెళ్లి అక్కడే షూట్ చేశాడు, కొన్ని షాట్లలో మిఫునె బదులు నడిచింది కూడా ఆయనే. ఆ హోండానే 1954లో 'గాడ్జిల్లా' తీసింది. కాళ్లు ఈడ్చుకుంటూ అలా తిరిగితే తప్ప ఆ పిస్టల్ ఎలాంటి ఊళ్లో పడిందో కుర్రాడికి తెలీదు, మనకీ తెలీదు. ఈసారి ఓపిగ్గా ఆ మొహాలు మాత్రమే చూడండి, మళ్లీ రాయండి నాకు.

ప్రశ్న: చివర్లో దొంగ అంత ఘోరంగా ఏడుస్తాడేంటి? బేడీలు పడ్డాయనా? (ఒక విద్యార్థి, అనంతపురం)

జవాబు: (చూడనివాళ్లు ఇది వదిలేయండి, క్లైమాక్స్ చెప్పేస్తున్నా.) ఆ దొంగ, యుసా, కూడా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడే, వస్తుంటే దారిలో వాడి మూట ఎవరో కొట్టేశారు. మురకామికీ అచ్చం అదే జరిగింది! ఒకడు దొంగ అయ్యాడు ఇంకొకడు పోలీసయ్యాడు. రైల్వే స్టేషన్లో యుసా బట్టల మీద బురద చూసి, ఎడమచేత్తో అగ్గిపుల్ల గీయడం చూసి మురకామి గుర్తుపడతాడు, అక్కడ్నుంచి పరుగు, చెట్ల మధ్య యుసా కాలుస్తాడు, పక్కింట్లో ఎవరో పియానో వాయిస్తున్నారు, తుపాకీ చప్పుడికి ఆగి బయటికి చూసి మళ్లీ వాయించుకుంటారు. ఆఖరికి ఇద్దరూ బురదలో దొర్లి గడ్డిలో పక్కపక్కన పడి రొప్పుతుంటారు, ఎవరు పోలీసో ఎవరు దొంగో చప్పున చెప్పలేం. అప్పుడు పిల్లలు పాట పాడుకుంటూ అటుగా పోతారు, పైన పువ్వులు, ఆకాశం... యుసా అప్పుడు బావురుమంటాడు. బేడీలకి కాదు తమ్ముడూ, ఆ పాటకి. తను కూడా ఒకప్పుడు అలా పాడుకుంటూ పోయినవాడే కదా.

ప్రశ్న: టైటిల్స్‌లో రొప్పే కుక్కని నిజంగా హింసించారా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: లేదండీ. చంపేయడానికి పట్టుకొచ్చిన వీధికుక్కల్లోంచి ఒకదాన్ని తెచ్చి, సైకిల్ పక్కన కాసేపు పరిగెత్తించి, నాలుక బయటపెట్టి రొప్పుతుంటే షాట్ తీశారు. ఒక అమెరికావిడ మాత్రం దానికి కావాలని రేబిస్ ఎక్కించారని గొడవ చేసింది, కురొసావా సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చింది. జపాన్ యుద్ధంలో ఓడిపోయినందుకు అంత బాధ నాకు ఇంకెప్పుడూ కలగలేదు అని ఆత్మకథలో రాసుకున్నాడాయన.