మజ్జిగంటే మన మజ్జిగ కాదు బుజ్జీ

బుజ్జీ,

నువ్వు పంపిన కేకు ఫోటో చూశాను. అంచులు బానే పొంగాయి, మధ్యలో మాత్రం చెయ్యి పెట్టి నొక్కినట్టు గుంట పడింది, పైన రంగు కూడా ఉండాల్సిన దానికంటే నల్లగా వచ్చింది. "రెసిపీలో ఏముందో అచ్చంగా అదే వేశాను పెద్దమ్మా" అన్నావు చూడు, తంటా అక్కడే వచ్చింది. వాళ్ళు బటర్‌మిల్క్ అన్నారు, నువ్వు ఫ్రిజ్‌లో ఉన్న మజ్జిగ పోసేశావు. అమెరికా వాళ్ళు దుకాణంలో కొనే బటర్‌మిల్క్ పాలని తోడుపెట్టి చేసిన చిక్కటి పుల్లటి సరుకు, మనం తాగేదేమో గ్లాసు పెరుగుకి రెండు మూడు గ్లాసుల నీళ్ళు పోసి గిలక్కొట్టింది. కేకులో వేసే వంటసోడాకి పులుపు తగలాలి, అప్పుడే గాలి పుట్టి పిండి పొంగుతుంది. ఒక కప్పు అసలైన బటర్‌మిల్క్ సుమారు అర టీస్పూన్ సోడాని అరిగించుకోగలదు, నీ పలచటి మజ్జిగకి అంత శక్తి ఎక్కడిది? అరగకుండా మిగిలిన సోడా వల్లే ఆ నల్ల రంగు, నువ్వు చెప్పిన ఆ సబ్బు రుచీ. నీళ్ళు ఎక్కువై మధ్యలో ఉడక్క కూలిపోయింది.

ఈసారి ముప్పావు కప్పు గడ్డపెరుగులో పావు కప్పు నీళ్ళు పోసి కలుపు. పెరుగు నిన్నటిదైతే ఇంకా మంచిది, కాస్త పులుపు ఉంటుంది. పెరుగు లేకపోతే కప్పు పాలలో ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం వేసి పది నిమిషాలు వదిలెయ్, విరిగినట్టవుతుంది, కంగారుపడి పారబోయకు, మనకి కావాల్సింది అదే.

తెలియని పేరు కనబడగానే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టెయ్యకు. ఆ వస్తువు ఆ వంటలో ఏం పని చేస్తోందో ముందు చూడు, పులుపా, కొవ్వా, తేమా, తీపా అని. చింతపండు అయిపోతే పప్పులో మామిడికాయ వేస్తాం, చుక్కకూర వేస్తాం, ఏదీ లేకపోతే దించాక నిమ్మకాయ పిండుతాం. అంతేగానీ చింతపండులా నల్లగా కనబడే వస్తువు కోసం వెతకం కదా! ఓవెన్ ముందు నిలబడేసరికి ఎందుకో మనకి ఆ తెలివి పనిచెయ్యదు.

నాకూ పనిచెయ్యలేదులే. కొత్తలో కాకినాడలో ఒక కొట్టుకెళ్ళి బ్రౌన్ షుగర్ ఉందా అని అడిగితే, కౌంటర్ దగ్గర ఉన్న పెద్దాయన నన్ను కిందకీ పైకీ చూసి "అలాంటివి మేం అమ్మమండీ" అన్నాడు. ఆ పేరుతో మత్తుమందు ఒకటుందని ఇంటికొచ్చాక మీ పెదనాన్న చెప్పి నవ్వితేగానీ నాకు తెలీలేదు. ఇంతకీ నేనడిగిన బ్రౌన్ షుగర్ అంటే పంచదారకి మొలాసిస్ పట్టించింది, అంతే. పంచదార శుద్ధి చేసేటప్పుడు మిగిలే ఆ నల్లటి పాకమే మొలాసిస్, మన బెల్లంలో అది ఎలాగూ ఉంటుంది. కుకీలకైతే సగం పంచదార, సగం పొడి బెల్లం వేసుకో. పూర్తిగా బెల్లమే వేస్తే బిస్కెట్టు మెత్తబడిపోతుంది. కేకుకైతే తురిమిన బెల్లాన్ని పావు కప్పు వేడినీళ్ళలో కరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లారాక కలుపు, వేసిన నీళ్ళెన్నో అన్ని పాలు తగ్గించుకో. వడగట్టడం మర్చిపోకు, నేను ఒకసారి బద్ధకించి అనకాపల్లి బెల్లం అలాగే వేసేశాను, పుట్టినరోజు కేకు తింటూ పిల్లలందరూ పళ్ళ మధ్య ఇసక కరకరమంటుంటే మొహమొహాలు చూసుకున్నారు. వేడి పాలలో మాత్రం బెల్లం వెయ్యకు, విరిగిపోతాయి. పరమాన్నం దించి కాస్త చల్లారాకే కదా మీ అమ్మ బెల్లం కలిపేది.

ఇంకో చిక్కు కార్న్‌ఫ్లోర్. మన దగ్గర ఆ పేరుతో అమ్మే తెల్లటి మెత్తటి పొడిని అమెరికాలో కార్న్‌స్టార్చ్ అంటారు. వాళ్ళు కార్న్‌ఫ్లోర్ అన్నారంటే మొక్కజొన్నలు మరపట్టిన పిండి. రెసిపీ ఏ దేశానిదో చూడకుండా డబ్బా మూత తియ్యకు. కేక్ ఫ్లోర్ అని ఉంటే మాత్రం మన తెల్ల పొడే కావాలి, కప్పు మైదాలోంచి రెండు టేబుల్ స్పూన్లు తీసేసి, దాని బదులు రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ వేసి రెండుసార్లు జల్లించు. సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్, అంటే దానంతటదే పొంగే పిండి కావాలంటే, కప్పు మైదాకి ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు.

వెన్న సంగతి. స్టిక్ ఆఫ్ బటర్ అంటే 113 గ్రాములు. మనకి దొరికే పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది, అది వాడితే రెసిపీలో ఉప్పు మానెయ్. ఇంట్లో చిలికిన వెన్నలో నీళ్ళు ఎక్కువ, చల్లటి నీళ్ళలో రెండుసార్లు కడిగి చేత్తో గట్టిగా పిండాక తూకం వెయ్యి. నెయ్యి వాడాలనిపిస్తే 100 గ్రాముల వెన్నకి 80 గ్రాముల నెయ్యి, ఒక చెంచాడు పాలు. బిస్కెట్లు నానఖటాయిలా పొడిపొడిగా వస్తాయి, నాకైతే అవే ఇష్టం. అన్నట్టు వాళ్ళు 350 డిగ్రీలంటే ఫారన్‌హీట్, నీ ఓటీజీలో, అదే నీ చిన్న కరెంటు ఓవెన్‌లో, అది సుమారు 180 సెల్సియస్. గుడ్లు కూడా వాళ్ళవి పెద్దవి, పెంకు తీశాక ఒక్కోటి 50 గ్రాములు తూగాలి, తగ్గితే ఇంకో గుడ్డు కొట్టి, గిలక్కొట్టి అందులోంచి కాస్త కలుపు. ఒక చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కో తల్లీ, ఫ్యాన్సీ టిన్నులు తర్వాత.

కార్న్ సిరప్ అని చూసి హడలిపోకు. పాకం మళ్ళీ పంచదారలా గడ్డకట్టకుండా ఉండడానికే దాన్ని వేస్తారు. మనం పాకంలో నిమ్మకాయ పిండేది ఎందుకు? అందుకే. కప్పు పంచదార, పావు కప్పు నీళ్ళు, అర చెంచా నిమ్మరసం, వేళ్ళకి తేనెలా జిగురుగా అంటుకునేదాకా కాచి దించెయ్, సగం రెసిపీలకి సరిపోతుంది.

క్రీమ్ చీజ్‌కి గడ్డపెరుగు మూటకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీసి, తాజా పనీరుతో కలిపి మిక్సీలో నున్నగా తిప్పు. కాల్చే చీజ్‌కేక్‌కి బాగా కుదురుతుంది, పైన పూతకి మాత్రం పుల్లగా ఉంటుంది. అడుగున వేసే గ్రాహమ్ క్రాకర్స్ బదులు మారీ బిస్కెట్లు. డబ్బా గుమ్మడి గుజ్జంటే మన గుమ్మడికాయే, ఆవిరి మీద ఉడికించి గుడ్డలో కట్టి నీళ్ళు ఓడ్చు. బాదం పొడికి జీడిపప్పు పొడి సరిపోతుంది, మిక్సీ ఆపి ఆపి తిప్పు, ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది.

క్రీమ్ దగ్గర మాత్రం నా విద్యేదీ పారలేదు. మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, గట్టిగా నిలబడాలంటే 35 దాకా ఉండాలి. ఇది తెలీక ఐస్ గిన్నెలో పెట్టి అరగంట బీటర్ తిప్పాను, చెయ్యి లాగేసింది గానీ అది పాలలాగే ఉండిపోయింది. చివరికి దాంట్లో చాక్లెట్ కరిగించి కేకు మీద పోసేశాను, అందరూ అదే బాగుందన్నారు. పైన పూత కావాలంటే విప్పింగ్ క్రీమ్ కొనక తప్పదు.

ఆ కూలిపోయిన కేకు పారేశావా? లేకపోతే మధ్య పచ్చి ముద్ద తీసేసి, అంచులు సన్నగా కోసి 150 డిగ్రీల్లో కరకరలాడేదాకా కాల్చు, రస్కుల్లా అవుతాయి. సబ్బు రుచి పోదు గానీ, టీలో ముంచితే మీ ఆయన పసిగట్టడులే.

మీ పెద్దమ్మ