సెగ్గడ్డలు తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తున్నాయి.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 42. షుగర్ ఉంది. ఆరు నెలల్లో తొడ మీద, చంకలో నాలుగుసార్లు సెగ్గడ్డలు లేచాయి. మందుల షాపులో ఇచ్చిన సెఫిక్సిమ్ వేసుకుంటే తగ్గి, మళ్లీ వస్తున్నాయి. ఈసారి చీము కల్చర్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ అని వచ్చింది. మా అబ్బాయికీ ఒక గడ్డ లేచింది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: కల్చర్ రిపోర్టులో వరసగా ‘ఆర్’ (ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదని అర్థం) అక్షరాలు చూసి కంగారు పడకండి. స్టాఫ్ ఆరియస్ బ్యాక్టీరియా దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. మీకొచ్చిన ఎంఆర్‌ఎస్‌ఏ అందులో మందులకు లొంగని మొండి రకం. పెన్సిలిన్ జాతి మందులు అంటుకోని ప్రొటీన్‌ను తయారుచేసుకుంటుంది కాబట్టి అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ వంటివి దీనిమీద పారవు. సెఫిక్సిమ్ అయితే మామూలు స్టాఫ్ మీదే సరిగా పనిచేయదు. బహుశా గడ్డ పగిలి చీము పోయినందుకే మీకు తగ్గి ఉంటుంది, పేరు మాత్రం మాత్రకొచ్చింది!

చీము పట్టిన గడ్డకు అసలు వైద్యం కోతే. సర్జన్ మత్తు ఇచ్చి, కోసి, లోపలి అరలన్నీ విడిపోయేలా శుభ్రం చేయాలి. మీరు పిండితే చీము లోపలికి పాకుతుంది. షుగర్ ఉంది కాబట్టి తర్వాత మాత్రలూ అవసరం కావచ్చు. రిపోర్టులో ‘ఎస్’ (బ్యాక్టీరియా లొంగే మందు) అని ఉన్నవాటిలోంచి కోట్రైమాక్సజోల్, డాక్సిసైక్లిన్ వంటివి డాక్టర్ ఎంచుకుంటారు. ఒక మెలిక ఉంది: ఎరిత్రోమైసిన్‌కు ‘ఆర్’, క్లిండామైసిన్‌కు ‘ఎస్’ అని ఉంటే డి-టెస్ట్ (క్లిండామైసిన్‌కు బ్యాక్టీరియా లోలోపల లొంగకుండా ఉందేమో చూసే పరీక్ష) చేశారా అని ల్యాబ్‌ను అడగండి. అది పాజిటివ్ అయితే క్లిండామైసిన్ మధ్యలో పనిచేయకుండా పోవచ్చు.

గడ్డలు మానాక, మళ్లీ రాకుండా ఇంటిల్లిపాదీ ఒకేసారి చేయాల్సిన పని ఇది. డాక్టర్‌ను అడిగి 2 శాతం మ్యుపిరోసిన్ ముక్కు ఆయింట్‌మెంట్‌ను అగ్గిపుల్ల తలంత తీసుకుని, రెండు ముక్కు రంధ్రాల్లో రోజుకు రెండుసార్లు 5 రోజులు రాయండి. ఆ 5 రోజులూ 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణాన్ని తడి ఒంటికి రాసి, నిమిషం ఉంచి కడిగేయండి. కళ్లలో, చెవుల్లో పడనీయొద్దు. తువ్వాళ్లు, దిండు గలీబులు రోజూ వేడినీళ్లలో ఉతకాలి. ఒకరి రేజర్ ఇంకొకరు వాడొద్దు. చంకలో గీసుకోవడం కొన్నాళ్లు మానేయండి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) కూడా చేయించుకోండి, అది అదుపులో లేకపోతే ఈ శ్రమంతా వృథా.

చలిజ్వరం వచ్చినా, ఎరుపు గంటగంటకూ పాకుతున్నా, పైకి కనిపించేదానికి మించి నొప్పి ఉన్నా, ముక్కు, పై పెదవి దగ్గర గడ్డ లేచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అబ్బాయి గడ్డను విడిగా చూపించండి. మీకు రాసిన మాత్రలు వాడికి వేయొద్దు.