యార్డుల పట్టికలో పైనున్న జట్టు ఎందుకు ఓడుతుంది?

అడిగిన విషయం ఇదీ: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌కు ముందు టీవీలో "అఫెన్స్‌లో 3వ ర్యాంకు, డిఫెన్స్‌లో 5వ ర్యాంకు" అని చూపిస్తారు (అఫెన్స్ అంటే బంతి చేతిలో ఉండి ఆడే దళం, డిఫెన్స్ అంటే ఎదుటివాళ్లను ఆపే దళం), తీరా చూస్తే ఆ జట్టు వరసగా ఓడుతూ ఉంటుంది. ఈ ర్యాంకులు ఎలా కడతారు, ఇంతకంటే నమ్మదగిన లెక్క మనమే వేసుకోగలమా అని. వేసుకోవచ్చు. నేను డాలస్ దగ్గర ఉంటాను, ఉద్యోగంలో చేసేది గణాంకాల పనే. ఆఫీసులో వారం వారం విజేతలను ఊహించే సరదా పోటీ కోసం మొదలుపెట్టిన లెక్కలు ఇప్పుడు సెప్టెంబరు వచ్చిందంటే నా సాయంత్రాలన్నీ మింగేస్తున్నాయి.

ముందు ఆ టీవీ ర్యాంకు సంగతి. మ్యాచ్‌కు సగటున బంతిని ఎన్ని యార్డులు ముందుకు తీసుకెళ్లారు, ఎన్ని ఇచ్చుకున్నారు అన్నదే ఆ లెక్క. అంతకుమించి అందులో ఏమీ లేదు. దాని పరువు తీసిన జట్టు 2010 నాటి శాన్ డియెగో చార్జర్స్. ఆ ఏడాది యార్డుల్లో అఫెన్స్‌ది ఒకటో స్థానం, డిఫెన్స్‌దీ ఒకటో స్థానమే. అంతటి జట్టు 9 గెలిచి 7 ఓడి, ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. ఎందుకో తెలియాలంటే మూడో వారం సియాటిల్‌లో ఆడిన మ్యాచ్ ఒక్కటి చూస్తే చాలు. చార్జర్స్ క్వార్టర్‌బ్యాక్ (అఫెన్స్‌ను నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) ఫిలిప్ రివర్స్ 455 యార్డులు విసిరాడు. సియాటిల్ ఆటగాడు లియాన్ వాషింగ్టన్ మాత్రం రెండు కిక్‌ఆఫ్‌లు, అంటే చార్జర్స్ తన్ని పంపిన బంతులు, అందుకుని, రెండుసార్లూ మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తి బంతిని గోల్ గీత దాటించి టచ్‌డౌన్లు చేశాడు. చార్జర్స్ 27-20తో ఓడింది. ఆ రెండు టచ్‌డౌన్లూ అఫెన్స్ ఖాతాలో పడవు, డిఫెన్స్ ఖాతాలోనూ పడవు. బంతిని తన్నేటప్పుడు దిగే స్పెషల్ టీమ్స్ అనే మూడో ఖాతా ఒకటుందని యార్డుల పట్టికకు తెలియదు.

మరుసటి ఏడాది కథ తిరగబడింది. 2011లో గ్రీన్ బే ప్యాకర్స్ 15 గెలిచి ఒక్కటే ఓడింది. యార్డుల్లో దాని డిఫెన్స్ 32 జట్లలో 32వది. 31వ స్థానంలో ఉన్న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఫైనల్ మ్యాచ్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లింది. ప్యాకర్స్ డిఫెన్స్ గొప్పదని నేను అనడం లేదు, పాయింట్ల ప్రకారం చూసినా అది మధ్యస్థం కంటే కాస్త కిందే. కానీ ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన బంతిని మధ్యలో పట్టేయడం), మొత్తం 31, తీసింది వాళ్లే. యార్డుల లెక్కలో వాటి విలువ సున్నా. పైగా ఇరవై పాయింట్ల ఆధిక్యంలో ఉన్న జట్టు గడియారం కరిగిపోతే చాలనుకుని చిన్న చిన్న పాస్‌లను చూసీచూడనట్టు వదిలేస్తుంది, వెనకబడినవాడు చివరి నిమిషం దాకా విసురుతూనే ఉంటాడు. ఆ యార్డులు మాత్రం పట్టికలో నిక్షేపంగా నమోదవుతాయి.

యార్డులు వద్దు, ఇచ్చిన పాయింట్లు చూద్దాం అనేవారు ఉన్నారు. కొంత మెరుగే. అయితే మీ క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని అవతలివాడు పట్టుకుని నేరుగా టచ్‌డౌన్ చేసినా ఆ పాయింట్లు మీ డిఫెన్స్ ఇచ్చినట్టే రాస్తారు. ఆ క్షణాన ఆ డిఫెన్స్ బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతూ ఉంటుంది. ఆ పాపం దానికి ఎలా చుట్టుకుంటుంది? పాయింట్లే వాడదలచుకుంటే అలాంటివి తీసేసి, మ్యాచ్‌కు కాకుండా డ్రైవ్‌కు (బంతి చేతికొచ్చిన ఒక్కో విడతకు) ఎన్ని అని లెక్కించండి. వేగంగా ఆడే జట్లకూ నెమ్మదిగా ఆడే జట్లకూ మధ్య ఉన్న తేడా దాంతో పోతుంది.

అసలు మందు మాత్రం ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్. ఇది కొత్త సంగతేమీ కాదు. సిన్సినాటి బెంగాల్స్‌కు ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్, రాబర్ట్ మేకల్ అనే ప్రొఫెసర్‌తో కలిసి 1971లోనే దీని మీద పరిశోధన పత్రం రాశాడు. 1969 సీజన్‌లోని వేలాది ప్లేలు (బంతి కదిలి ఆగే ఒక్కో ప్రయత్నం) తీసుకుని, ఫస్ట్ డౌన్‌లో, అంటే పది యార్డులు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మొదటిదాంట్లో, ఉన్న జట్టుకు మైదానంలో ఏ చోట బంతి ఉంటే, తర్వాత రాబోయే స్కోరు సగటున ఎంత అని లెక్క తేల్చారు. గోల్‌కు 5 యార్డుల దూరంలో ఉంటే 6.04 పాయింట్లు. 45 యార్డుల దూరంలో 2.39. 55 యార్డుల దూరంలో 1.54. సొంత గోల్ ముంగిట, ఇంకా 95 యార్డులు వెళ్లాల్సిన చోట, మైనస్ 1.25. అంటే అక్కడ బంతి మన చేతిలో ఉన్నా తర్వాతి స్కోరు అవతలివాడిదే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు ఈ అంకెలతో ఒక ఇంటర్‌సెప్షన్ ఖరీదు కట్టి చూడండి. గోల్‌కు 45 యార్డుల దూరంలో మన జట్టు ఫస్ట్ డౌన్‌లో ఉంది, చేతిలో 2.39 ఉన్నట్టు. బంతి విసిరాం, దాదాపు అక్కడే ప్రత్యర్థి పట్టుకున్నాడు. అతను 55 యార్డులు వెళ్లాలి కాబట్టి ఇప్పుడు అతని చేతిలో 1.54. మనది పోయింది, అతనిది వచ్చింది, కలిపితే 3.93 పాయింట్ల నష్టం. యార్డుల పట్టిక ఈ ప్లేకు సున్నా రాసుకుని ముందుకు పోతుంది.

ప్లేకు ముందు విలువ ఎంత, తర్వాత ఎంత, ఈ తేడానే ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్) అంటారు. ఇప్పటి నమూనాల్లో బంతి ఉన్న చోటుతో పాటు ఎన్నో డౌన్, ఇంకా ఎన్ని యార్డులు కావాలి, ఎంత సమయం మిగిలింది అన్నవి కూడా ఉంటాయి. అందుకే థర్డ్ డౌన్‌లో 12 యార్డులు కావాల్సినప్పుడు 9 తెచ్చి పంట్ కొట్టిన (బంతిని ప్రత్యర్థి వైపు తన్నేసిన) జట్టుకు సాధారణంగా నష్టమే రాస్తుంది, ఒక్క యార్డు కావాల్సిన చోట రెండు తెచ్చిన జట్టుకు లాభం రాస్తుంది. డక్‌వర్త్-లూయిస్ తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మిగిలిన ఓవర్లు, చేతిలోని వికెట్లు కలిపి ఎన్ని పరుగులకు సమానమో అక్కడ చూస్తాం. ఇక్కడ ఆ స్థానంలో డౌన్లు, దూరం ఉన్నాయి.

సిద్ధంగా దొరికేది కావాలంటే 2003లో ఆరన్ షాట్జ్ మొదలుపెట్టిన డీవీఓఏ అనే కొలమానం ఉంది. ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన దూరంలో 45 శాతం, సెకండ్ డౌన్‌లో 60 శాతం, ఆ తర్వాత పూర్తిగా సాధిస్తేనే ఆ ప్లే సఫలం అన్న లెక్క మీద అది నిలబడింది, ప్రత్యర్థి బలాన్ని కూడా సర్దుతుంది. మంచిదే. నాకైతే లోపల ఏం జరుగుతోందో కనబడితే తప్ప తృప్తి ఉండదు.

ఇక ప్రత్యర్థి సంగతి. ఒక్కో జట్టు ఏడాదికి 17 మ్యాచ్‌లు ఆడుతుంది, మిగతా 31 జట్లలో 14 మాత్రమే దానికి ఎదురుపడతాయి. బలహీనమైన అఫెన్స్‌లే వరసగా తగిలితే ఏ డిఫెన్స్ అయినా సింహంలాగే కనబడుతుంది. దీనికి రిగ్రెషన్ వాడాలి. ప్రతి ప్లేనూ ఒక వరసగా పెట్టి, దాని ఈపీఏను అఫెన్స్ జట్టు, డిఫెన్స్ జట్టు, సొంత మైదానం అనే వివరాలతో వివరించమని అడగాలి. 32 అఫెన్స్‌లు, 32 డిఫెన్స్‌లు, అన్నిటి బలాలూ ఒకేసారి తేలుతాయి. మామూలు రిగ్రెషన్ కాకుండా రిడ్జ్ రిగ్రెషన్ తీసుకోండి. మూడు, నాలుగు మ్యాచ్‌లే అయినప్పుడు మామూలుది ఒక్క మంచి ఆదివారాన్ని చూసి జట్టును ఆకాశానికెత్తేస్తుంది. రిడ్జ్ అందరినీ సగటు వైపు లాగి పట్టుకుంటుంది, డేటా పెరిగేకొద్దీ పట్టు సడలిస్తుంది. ఎంత గట్టిగా లాగాలన్నది క్రాస్ వాలిడేషన్‌తో, అంటే డేటాలో కొంత దాచిపెట్టి దాన్ని ఏ పట్టు బాగా ఊహిస్తుందో చూసి, తేల్చుకోవాలి. కాలేజీ ఫుట్‌బాల్‌కు ఇది లేకపోతే అసలు కుదరదు. అక్కడ అగ్రశ్రేణిలోనే 130కి పైగా జట్లు, ఒక్కోదానికి డజను మ్యాచ్‌లు.

ఏ పద్ధతి మెరుగో వాదనతో తేలదు. సీజన్ మొదటి సగంతో ర్యాంకులు కట్టి, అవి రెండో సగాన్ని ఎంతవరకు ఊహించాయో చూడాలి. నేను పాత సీజన్ల మీద ఈ పరీక్ష పెట్టినప్పుడు యార్డుల నుంచి ఒక్కో ప్లేకు సగటు ఈపీఏ లెక్కకు మారడంతోనే పెద్ద లాభం వచ్చింది. ప్రత్యర్థి సర్దుబాటు మొదటి వారాల్లో బాగా అక్కరకొచ్చింది, డిసెంబరు నాటికి తేడా తగ్గింది. పాసింగ్ ఈపీఏ చెప్పినంతగా రన్నింగ్ ఈపీఏ భవిష్యత్తును చెప్పలేదు. ఇంకా ఆసక్తికరమైనది టర్నోవర్ల (బంతి ప్రత్యర్థి పాలైన ప్లేల) సంగతి. జరిగిపోయిన మ్యాచ్‌లను వివరించడానికి వాటిని పూర్తి విలువతో లెక్కించాలి, రాబోయేవి ఊహించాలంటే బరువు తగ్గించాలి. చేజారి నేల మీద పడ్డ బంతి (ఫంబుల్) ఎవరికి దొరుకుతుందన్నది చాలావరకు అదృష్టమే, దాన్ని డిఫెన్స్ నైపుణ్యంగా రాసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అందుకే ఎవరైనా "బెస్ట్ ర్యాంకింగ్ ఏది" అని అడిగితే, జరిగింది చెప్పాలా, జరగబోయేది చెప్పాలా అని ఎదురు ప్రశ్న వేస్తాను. రెండింటికీ ఒకే పట్టిక సరిపోదు.

డిఫెన్స్ ర్యాంకులను మాత్రం ఎంత బాగా కట్టినా సగం నమ్మకంతోనే చూడండి. అఫెన్స్‌ను క్వార్టర్‌బ్యాక్ మోస్తాడు, అతను మారనంతకాలం ఆ అంకెలు కొంత నిలకడగా ఉంటాయి. డిఫెన్స్ తీరు ఎదురుపడే క్వార్టర్‌బ్యాక్‌ను బట్టి మారిపోతుంది. నేను ఎన్ని విధాలుగా ప్రయత్నించినా మొదటి సగంలోని డిఫెన్స్ బలం రెండో సగం గురించి అఫెన్స్ చెప్పినంత చెప్పలేదు.

అసలు ర్యాంకు అనే అంకె మీదే నాకు అనుమానం. 1 నుంచి 32 వరకు పేర్చగానే అన్ని జట్ల మధ్యా సమాన దూరం ఉన్నట్టు కనబడుతుంది. బూట్‌స్ట్రాప్ చేసి చూడండి: ఒక్కో జట్టు ఆడిన మ్యాచ్‌ల నుంచే, ఒకసారి వచ్చినది మళ్లీ రావచ్చు అనుకుని, యాదృచ్ఛికంగా 17 ఎంచుకుంటూ వెయ్యిసార్లు ర్యాంకులు కట్టండి. ప్లేలను కాదు, మ్యాచ్‌లను ఎంచుకోవాలి, ఎందుకంటే ఒకే మ్యాచ్‌లోని ప్లేలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పైనున్న నలుగురు, అడుగునున్న నలుగురు అంతగా కదలరు. నడుమ ఉన్నవాళ్లు సులువుగా పది స్థానాల మేర ఊగుతారు. నేను ఆఫీసు వాళ్లకు పంపేటప్పుడు ర్యాంకులు తీసేసి, ప్లేకు ఈపీఏ, దాని పక్కన ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే గీత మాత్రమే ఉంచుతాను. మొదట్లో అందరూ విసుక్కున్నారు. "ఇంతకీ మన డాలస్ కౌబాయ్స్ ఎన్నో స్థానం?" అని ఇప్పటికీ ఒకరిద్దరు అడుగుతుంటారు.

డేటాకు డబ్బు ఖర్చు లేదు. గణాంకాలకు వాడే ఆర్ భాషలోని ఎన్‌ఎఫ్‌ఎల్‌ఫాస్టార్ అనే ప్యాకేజీ 1999 నుంచి ప్రతి ప్లేనూ ఈపీఏతో సహా ఇస్తుంది. రిడ్జ్‌కు జీఎల్ఎమ్‌నెట్ అనే మరో ప్యాకేజీ చాలు. మొదలుపెట్టే ముందు క్వార్టర్‌బ్యాక్ మోకాలు ఆనించి సమయం గడిపేసిన ప్లేలు, గడియారం ఆపడానికి బంతిని నేలకు కొట్టిన ప్లేలు తీసేయండి. ఒక జట్టు గెలిచే అవకాశం 5 శాతం లోపు పడిపోయినప్పుడో 95 దాటినప్పుడో జరిగిన ప్లేలను కూడా పక్కన పెట్టండి. ఆ గీత 5 దగ్గరే ఎందుకు, 10 దగ్గర ఎందుకు కాదు అంటే శాస్త్రమేమీ లేదు. రెండూ పెట్టి చూసుకోండి, పైన చెప్పిన పరీక్షలో ఏది నెగ్గితే అది ఉంచుకోండి.