జిప్సీ ఎత్తు పెరిగింది, వెనక షాకబ్జార్బర్ల సంగతేంటి?

ప్రశ్న: మా మారుతి జిప్సీకి 50 మి.మీ. ఎక్కువ ఎత్తిచ్చే కమాన్ కట్టలు వేయించాను. వెనక షాకబ్జార్బర్లు పాతవే. వెనక చక్రం గుంటలోకి వేలాడినప్పుడల్లా టక్కుమంటోంది. వాటి కింద, పొడవు పెంచే రెండంగుళాల ఎక్స్‌టెన్షన్ ముక్క బిగిస్తే చాలని మెకానిక్ అంటున్నారు. బిగించమంటారా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఒట్టి ఎక్స్‌టెన్షన్‌తో మాత్రం వద్దండి. మీకు వినిపించేది రాడ్డు చివరిదాకా సాగి, లోపల పిస్టన్ పైమూతకు కొట్టుకునే చప్పుడు. ఆ క్షణాన చక్రం, హౌసింగు (వెనక ఇరుసు ఉండే గొట్టం) బరువంతా ఆ సన్నని రాడ్డుకే వేలాడుతోంది. ఎక్స్‌టెన్షన్ పెడితే చప్పుడు ఆగుతుంది, నిజమే. అయితే కమాన్ మార్చినా బంప్ స్టాప్, అంటే హౌసింగు మరీ పైకెళ్లకుండా ఆపే రబ్బరు దిమ్మ, కదల్లేదు కదా! హౌసింగు పైకెళ్లి దానికి తగిలే చోటు పాతదే. అక్కడ షాకబ్జార్బర్‌కు మిగిలే జాగాలో 50 మి.మీ. ఎక్స్‌టెన్షన్ మింగేస్తుంది. అప్పుడు హౌసింగు రబ్బరు దిమ్మకు తగిలేలోపే షాకబ్జార్బరు పూర్తిగా మూసుకుపోయి అడుగుకు కొట్టుకుంటుంది. సీలు చిరిగి నూనె కారుతుంది, రాడ్డు వంగుతుంది, ఒక్కోసారి చాసిస్ మీది మౌంటే ఊడొస్తుంది. ఎక్స్‌టెన్షనే కావాలంటే బంప్ స్టాప్‌ను కూడా సరిగ్గా 50 మి.మీ. దించాలి.

అంతకన్నా మేలు, కొలిచి కొనడం. పెట్టె మీద "2 అంగుళాల లిఫ్ట్‌కు" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. బండిని చదునైన నేల మీద, మామూలుగా వేసుకునే సామానుతో నిలపండి. పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకు కొలవండి. 430 మి.మీ. వచ్చిందనుకుందాం. బంప్ స్టాప్‌కీ హౌసింగుకీ మధ్య ఖాళీ 75, రబ్బరు నలగడానికి మరో 15 తీసేస్తే, పూర్తిగా నొక్కుకున్నప్పుడు 340. తర్వాత చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, షాకబ్జార్బర్లు విప్పి, హౌసింగును జాకీతో మెల్లగా దించి వదిలేయండి. అప్పుడు 515 వచ్చిందనుకోండి. ఈ పని చేస్తూనే బ్రేకు హోసు, హౌసింగుకు గాలాడే బ్రీదర్ పైపు బిగుసుకుంటున్నాయేమో చూడండి. బిగుసుకుంటే ముందు పొడవాటి హోసు, ఆ తర్వాతే షాకబ్జార్బరు.

కొనే షాకబ్జార్బరు మూసుకున్న పొడవు 340 కంటే 15 తక్కువ, అంటే 325 లోపు ఉండాలి. సాగిన పొడవు 515 కంటే 20 ఎక్కువ, అంటే 535 దాటాలి. స్ట్రోకు, అంటే రాడ్డు కదిలే దూరం, 210 అన్నమాట. చిక్కు ఇక్కడే ఉంది. మూసుకున్న పొడవులోంచి స్ట్రోకు తీసేస్తే మిగిలేది కళ్లు (బోల్టు దూరే రింగులు), పిస్టన్, సీలు పట్టే జాగా. 325లోంచి 210 పోతే 115. అంత తక్కువలో అవన్నీ ఇమిడే షాకబ్జార్బరు దొరకడం కష్టం. గ్యాస్ గది అదే గొట్టంలో ఉండే మోనోట్యూబ్‌కైతే ఇంకా ఎక్కువ చోటు కావాలి.

దారులు రెండు. బంప్ స్టాప్ కింద 30 మి.మీ. దిమ్మ వేస్తే మూసుకున్న పొడవు 355 దాకా పోవచ్చు, స్ట్రోకు 180 చాలు, మిగిలే జాగా 175. ఇలాంటివి తేలిగ్గా దొరుకుతాయి. చక్రం పైకెళ్లే దూరంలో 30 పోతుంది, అంతే. రోడ్డు మీదా అడవి దారుల్లోనూ తిరిగే బండికి మా ఓటు దీనికే. రెండోది, పై మౌంటును 50 మి.మీ. పైకి జరపడం. దూరం ఏమీ పోదు గానీ, వెల్డింగు పని. 5 మి.మీ. ప్లేటు, బోల్టుకు రెండు పక్కలా ఆధారం ఉండాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి, పెట్రోలు ట్యాంకు దగ్గరైతే ట్యాంకే దించండి.

చివరగా ఒక వెనక చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, రెండోదాన్ని వేలాడదీసి చూడండి. రెండూ కలిసి కదిలినప్పుడు తగలనివి, ఇలా మెలిక పడ్డప్పుడు తగులుతాయి.

ప్రశ్న: పొడవైనవి కొనకుండా, ఉన్నవాటినే బాగా లోపలికి వాల్చి బిగిస్తే కుదరదా?
– చిత్తూరు పాఠకుడు

జవాబు: కుదురుతుంది గానీ పట్టు పోతుంది. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలితే హౌసింగు 100 మి.మీ. కదిలినప్పుడు షాకబ్జార్బరు 87 మాత్రమే కదులుతుంది. అడ్డుకునే బలం సుమారు 75 శాతానికి దిగుతుంది. 45 డిగ్రీలకైతే సగమే. పైగా మౌంట్లు లోపలికొచ్చేకొద్దీ మలుపుల్లో బండి ఊగడం పెరుగుతుంది. ఎత్తు పెంచిన జిప్సీకి అసలే ఆ జబ్బు ఉంది!

ప్రశ్న: కొత్త షాకబ్జార్బర్లు వేసిన కొన్నాళ్లకే బోల్టుల దగ్గరి రబ్బరు బుష్‌లు చిరిగాయి. ఎందుకు?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: బండి జాకీ మీద ఉండగానే బోల్టులు గట్టిగా బిగించి ఉంటారు. అప్పుడు వేలాడే కోణంలోనే రబ్బరు పట్టేసుకుంటుంది. బండి నేల మీదికి రాగానే మెలితిరిగి, ఎప్పుడూ ఆ బిగువులోనే ఉంటుంది. బోల్టులు వదులుగా దూర్చి, బండి దించి, రెండుసార్లు ఊపాకే చివరి బిగింపు ఇవ్వాలి. గొట్టంలో గొట్టం ఉండే ట్విన్ ట్యూబ్ రకమైతే, బిగించేముందు రాడ్డు పైకుండేలా నిలబెట్టి నాలుగైదుసార్లు పంపు కొట్టండి, లోపలి గాలి పోతుంది.