తల్లి ప్రేమను హార్మోన్ల ఖాతాలో వేసే ముందు

సింధూ,

నీ వ్యాసం చదివాను. చదివించే గుణం నీ చేతిలో ఉంది, దానికి ఢోకా లేదు. కానీ "ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవగానే తల్లి ప్రేమ పుడుతుంది" అన్న వాక్యం కొట్టెయ్. వ్యాసమంతా దాని మీదే నిలబడింది కాబట్టి చాలావరకు మళ్ళీ రాయాల్సి వస్తుంది, తప్పదు.

నువ్వు చెప్పిన కథ ఎలుకలకైతే చాలావరకు సరిపోతుంది. కాన్పుకు ముందు గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పడిపోతుంది, ఇంకో ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, అప్పటిదాకా పిల్లల్ని చూస్తే తప్పుకున్న ఎలుక వాటిని నోటకరచుకుని గూట్లోకి తెచ్చుకుంటుంది. మనిషిలో అలా కాదు, మాయ పడ్డాకే ప్రొజెస్టిరాన్ తగ్గుతుంది. పైగా మాయ ఈస్ట్రోజెన్ తయారు చేయడానికి కావాల్సిన సరుకులో పెద్ద భాగం కడుపులోని బిడ్డ మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి నుంచే వస్తుంది. తల్లి ఒంట్లో జరిగే మార్పులో బిడ్డకూ వాటా ఉందన్నమాట, ఇంత మంచి సంగతి నువ్వెలా వదిలేశావో!

హార్మోన్ల పాత్ర లేదని నేననను. 1993లో క్రిస్టఫర్ ప్రైస్ బృందం మార్మోసెట్ల మీద చేసిన ప్రయోగం చూడు. ఇవి బ్రెజిల్ అడవుల్లోని బుల్లి కోతులు, సాధారణంగా కవలల్ని కంటాయి. ఆడ మార్మోసెట్‌కి ఒక మీట అందేలా పెట్టారు, నొక్కితే పిల్ల బొమ్మ కనిపిస్తుంది, రికార్డులో వినిపించే పిల్ల ఏడుపు ఆగిపోతుంది. నెలలు నిండాక అది మీటను ఎక్కువగా నొక్కింది. అసలు కాన్పే ఎరగని ఆడవాటికి నిండు గర్భంలో ఉండేటట్టు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ ఇస్తే అవీ అంతే. దీన్ని "మాతృభావన పెరిగింది" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు, పాఠకుడికి ఆ మీట కనపడాలి, ఆ ఏడుపు వినపడాలి.

ఆ వెంటనే రెండో వైపూ రాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లో, తల్లి లేకుండా ఒంటరిగా పెరిగిన రీసస్ కోతులు తల్లులైతే ఏం చేస్తాయో చూశాడు. అవీ గర్భం మోశాయి, కన్నాయి, అయినా చాలా తల్లులు తొలి పిల్లను దగ్గరికి రానివ్వలేదు, కొన్ని కొరికాయి కూడా. వాటిలోనే కొన్ని రెండో కాన్పులో పిల్లను బాగానే సాకాయి. ఇక మన కొండముచ్చుల్లో, మౌంట్ అబూలో 1970ల్లో సారా హర్డీ అనే పరిశోధకురాలు గమనించినట్టు, పుట్టిన రోజే ఆ నల్లటి పసికూన ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి పోతుంటుంది, ఎత్తుకోవడానికి ఎక్కువ ఆత్రపడేవి ఇంకా కనని పడుచువే. మరి వాటికి నిండు గర్భపు హార్మోన్లు ఎక్కడివి? హార్మోన్లు మనసును పిల్ల వైపు మళ్ళిస్తాయి, పెంపకం చేతనవ్వాలంటే తను పెరిగిన తీరు, పక్కవాళ్ళ పిల్లల్ని ఎత్తుకున్న అలవాటు, అన్నీ కావాలి.

నేనింత పట్టుబట్టేది ఎందుకంటే, నీ వ్యాసం బాలింతలు కూడా చదువుతారు. కాన్పు అయ్యి బిడ్డను చేతిలో పెడితే నిద్ర తప్ప ఇంకేమీ గుర్తురాని అమ్మాయిలు ఎంతమందో. అలాంటి అమ్మాయికి నీ వాక్యం కంటపడితే "నాలోనే ఏదో లోపం" అని కుమిలిపోతుంది, ఇంట్లోవాళ్ళ సూటిపోటి మాటలకు నీ సైన్సు కూడా తోడవుతుంది.

ప్రతి ఫలితం పక్కనా అది ఏ జంతువుదో రాయి. పిల్లల్ని మోసే మార్మోసెట్ తండ్రుల్లోనూ తల్లికి పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ పెరుగుతుందన్న ముక్క మాత్రం తీసెయ్యకు, చోటు చాలకపోతే ఆక్సిటోసిన్ పేరా తగ్గించు. ఆదివారం లోపు పంపితే కూర్చుని చూస్తాను.