టెక్సస్ బడిలో చేరినవారు పింఛను సొమ్ము తొందరపడి తీసుకోకండి

డాలస్ చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల్లో కొత్తగా చేరిన మనవాళ్లు మొదటి జీతం చీటీ చూడగానే అడిగే సందేహం ఒకటే: సోషల్ సెక్యూరిటీ (అమెరికా కేంద్ర ప్రభుత్వ పింఛను పథకం) గడి ఖాళీగా ఎందుకుంది, టీఆర్ఎస్ పేరిట 8.25 శాతం ఎందుకు పోయింది? ఇది మనకు తెలిసిన పార్టీ కాదు లెండి, టీచర్ రిటైర్‌మెంట్ సిస్టమ్. ఈ రాష్ట్రంలోని స్కూల్ డిస్ట్రిక్టుల్లో చాలావాటికి సోషల్ సెక్యూరిటీ లేదు కనుక, ఆ ఉద్యోగం మీద మీకు దక్కే పింఛను ఇదే.

2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మన ఉపాధ్యాయులు ఏ పాత పింఛను కోసం పోరాడుతూ వచ్చారో, దాదాపు అలాంటిదే ఇక్కడ ఇంకా నడుస్తోంది. అత్యధిక జీతం వచ్చిన 5 ఏళ్ల సగటులో, సర్వీసు చేసిన ప్రతి ఏడాదికీ 2.3 శాతం చొప్పున పింఛను లెక్కగడతారు. 20 ఏళ్ల సర్వీసు, 60,000 డాలర్ల సగటు ఉంటే నెలకు 2,300 డాలర్లు జీవితాంతం వస్తాయి. అయితే ధరలతోపాటు పెరిగే మన డీఆర్ (పింఛనుదారుల కరువు భృతి)లాగా దానంతటదే పెరగదు.

5 ఏళ్లు నిండితే 65వ ఏట పింఛనుకు హక్కు వస్తుంది. నాలుగో ఏట భర్తకు వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చిందని ఉన్న సొమ్మంతా తీసేసుకునేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చేతికి వచ్చేది మీరు కట్టినదీ, దానిపై స్వల్ప వడ్డీ మాత్రమే; సర్వీసు రద్దవుతుంది, పన్ను కింద 20 శాతం ముందే పట్టుకుంటారు, వయసు తక్కువైతే సాధారణంగా మరో 10 శాతం జరిమానా పడుతుంది. తిరిగి వచ్చే అవకాశం ఏమాత్రం ఉన్నా కదపకండి, తీయక తప్పకపోతే నేరుగా ఐఆర్ఏ (మీ సొంత రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా)లోకి మార్పించుకోండి. ఏడాది లెక్కలోకి రావాలంటే కనీసం 90 రోజులు పనిచేసి ఉండాలి. నేను ఫిబ్రవరి నెలాఖరులో చేరడంతో నా మొదటి ఏడాది లెక్కకే రాలేదు.

టీచరు పింఛను ఉంటే భర్త సోషల్ సెక్యూరిటీ మీద భార్యకు వచ్చే వాటా తగ్గిపోతుందని పాతవారు ఇంకా చెబుతుంటారు. ఆ కోతను 2025 జనవరి 5న సంతకమైన చట్టం ఎత్తివేసింది.

ఇక సంఘాల మాట. మన ఎస్టీయూ, యూటీఎఫ్ వంటి ఉపాధ్యాయ సంఘాల్లాగా జీతాల గురించి ప్రభుత్వంతో బేరమాడి ఒప్పందం కుదుర్చుకునే హక్కు టెక్సస్‌లో లేదు, సమ్మె చేస్తే ఉద్యోగ హక్కులే పోతాయి. అయినా చందా కట్టండి అంటాను. ఒకసారి ఓ తల్లి చేసిన ఫిర్యాదుపై నన్ను ఆఫీసుకు పిలిచి, అప్పటికప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. సంఘం వకీలుకు ఫోన్ చేస్తే, చదువుకోవడానికి గడువు అడగమన్నాడు, అడిగితే ఇచ్చారు. ఫిర్యాదు వచ్చాక సభ్యత్వం తీసుకుంటే ఆ గొడవకు వకీలు సాయం దొరకదు కనుక, ఆగస్టులో బడిలో చేరిన వారంలోనే సంఘంలోనూ చేరిపోండి.