జిప్సీని కోసి పికప్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. నా పేరు మీద 2013 మోడల్ మారుతి జిప్సీ ఉంది, వైట్ బోర్డు. మిర్చి బస్తాలు ఏనుమాముల మార్కెట్‌కు తోలడానికి ఛాసిస్ రెండడుగులు పొడిగించి, వెనక లోడ్ బాడీ కట్టిద్దామనుకుంటున్నా. ఆర్సీ సంగతి తనే చూసుకుంటానని షెడ్డాయన అంటున్నాడు. చేయించవచ్చా?

జవాబు: చేయించకండి. ఆ మార్పును ఆర్సీలో ఎక్కించే అధికారం జిల్లా రవాణా అధికారికే లేదు, షెడ్డాయన ఏం చూసుకుంటాడు? కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరి 9న కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ఆమోదం పొందిన గ్యాస్ కిట్, దివ్యాంగుల కోసం చేసే మార్పు లాంటి కొన్నింటికే మినహాయింపు.

జిప్సీ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల ఇరుసుల మధ్య దూరం) 2375 మి.మీ. రెండడుగులు కలిపితే దాదాపు 2985. వీల్‌బేస్, ఖాళీ బరువు, బాడీ రకం, సీట్లు... ఆర్సీలో నాలుగూ తప్పయిపోతాయి. ఛాసిస్ ముట్టుకోకుండా బాడీ ఒక్కటే మార్చినా ఇదే సెక్షన్. పైగా అప్పుడు వెనక ఓవర్‌హ్యాంగ్ (వెనక ఇరుసు దాటి బయటికి వచ్చే బాడీ పొడవు) వీల్‌బేస్‌లో 60 శాతం, అంటే 1425 మి.మీ. దాటకూడదు.

సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రిజిస్ట్రేషన్ సస్పెండ్ కూడా కావచ్చు. కానీ అసలు దెబ్బ ఇన్సూరెన్స్‌లో తగులుతుంది. ప్రైవేట్ కారు పాలసీలో సరుకు రవాణాకు కవర్ ఉండదు, బండి కోయకపోయినా సరే. కోసిన బండిలో వెల్డింగ్ పక్కనే ఛాసిస్ చీలుతుంది, ఇంజన్ శక్తిని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడుగై ఊగిపోతుంది, బ్రేక్ పైపు అతుకు కారుతుంది. ప్రమాదం జరిగాక బండిని చూసే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టులో ఇవన్నీ ఎక్కుతాయి. బాధితులకు ముందు ఇన్సూరెన్స్ కంపెనీనే చెల్లించమని ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్ చెప్పినా, ఆ సొమ్ము మీ నుంచి వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఇవ్వవచ్చు. అప్పుడు పొలం మీదికొస్తుంది.

ఇప్పటికే కోయించి ఉంటే రోడ్డెక్కించకండి. పాత కొలతలకు తెప్పించి, ఎంవీఐకి చూపించాకే తీయండి.

జిప్సీ అమ్మి, గూడ్స్ బండిగా రిజిస్టరైన పాత పికప్ కొనడమే నయం. బండి, సరుకు కలిపి అనుమతించిన మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. ఫిట్‌నెస్, ట్యాక్స్, గూడ్స్ పాలసీ మాత్రం తప్పవు. మీ కారు లైసెన్సే చాలు: 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కొనేముందు ఫైనాన్స్ బాకీ ఆర్సీలో ఉందేమో చూసుకోండి.

జిప్సీ అమ్మేటప్పుడు యాజమాన్య మార్పిడి పత్రాలైన ఫారం 29, 30 సంతకాలతో ఊరుకోకుండా, ఆర్సీ అవతలివాళ్ల పేరుకు మారిందాకా వెంటపడండి. కొన్నాయన దాన్ని కోసినా, ఎవరినైనా గుద్దినా, ఆర్సీలో పేరున్నంత కాలం నోటీసు మీ ఇంటికే వస్తుంది.